నా హస్తవాసి

ఈ పొద్దున మా పెద్ద తోటికోడలు హనుమకొండలోని మా ఫ్లాటుకు ఆటోలో వచ్చింది, ఒళ్లో ఖాళీ కుండీ పెట్టుకుని. ఆ కుండీ చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కింద మా బట్టల దుకాణం వరంగల్ బజారులో కొత్త చోటికి మారిన రోజు, బోణీ నాతో చేయిద్దామని అత్తమ్మ నా చేతికి పళ్లెం ఇచ్చింది. వ్యాపారం చేసుకునే ఇళ్లలో మొదటి చెయ్యి ఎవరిదన్నది చిన్న విషయం కాదు. బంధువులంతా చూస్తుండగా మా తోటికోడలు ఆ పళ్లెం లాక్కుంది. "దాని చేతుల పెట్టకు అత్తమ్మా. దానింట్ల మొక్క గూడ బతకది. హస్తవాసి ఉండాలె," అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు, ఆయన సంగతి ఇంటికొచ్చాక తేల్చాను. అప్పటి నుంచి దుకాణంలో ఏ మంచి పనికీ నన్ను ముందుకు పిలవలేదు.

మొక్కలు చచ్చిన మాట నిజమే. కొత్త మోజులో నర్సరీకి పోయి, చీరలు ఏరినట్టు రంగు చూసి ఏరుకొచ్చాను: ఎర్రటి ఆంథూరియం, తెల్లటి పీస్ లిల్లీ, గుత్తులుగా పూసే కలాంచోలు. స్నానం చేసి, తులసికి పోసిన చేత్తోనే వాటికీ రోజూ చెంబెడు నీళ్లు పోశాను, భక్తిగా. వేళ్లు కుళ్లి ఒక్కొక్కటే కూలిపోయాయి. ఒక కలాంచోను మాత్రం పోయిందిలే అని తూర్పు కిటికీలో, పరదా వెనక పడేశాను. డోర్నకల్‌లో పెళ్లికి వెళ్లొచ్చి పరదా తీస్తే, అది నారింజరంగు మొగ్గలేసి ఉంది. దానికి కావలసింది వెలుగు, నీళ్లు కాదు. అప్పటి నుంచి పువ్వును కాక కిటికీని చూసి మొక్కను ఎంచుకున్నాను. కొత్తగా తెచ్చిన పీస్ లిల్లీని ఎండ తగలని మూలన పెట్టి, ఆకులు వాల్చినప్పుడే నీళ్లు పోశాను. ఇల్లంతా పూసింది. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

పోయిన మాఘంలో సత్యనారాయణ వ్రతానికి పిలిచి, తాంబూలంతో పాటు విరగబూసిన కలాంచో ఆమె చేతిలో పెట్టాను. "దీనికేం చెయ్యాలె చెల్లె?" అని అడిగింది. "తులసమ్మ లెక్క చూస్కో అక్కా," అన్నాను. ఆమె భక్తి సంగతి నాకు తెలుసు.

ఇవాళ అత్తమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఎంత చూస్కున్నా మురిగిపాయె. జర నీ చేత్తోని ఇంకోటి పెట్టియ్యి చెల్లె. నీ హస్తవాసి మంచిది," అంది మా తోటికోడలు.

"అత్తమ్మకు జర ఇనపడది అక్కా, ఇంకొకసారి గట్టిగ అను," అన్నాను.

అంది. అత్తమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి నా చేతుల వంక చూసింది. "దీపావళి బోణీ నీ చేత్తోనే చేపిద్దాం బిడ్డా," అంది.

నా కలాంచో కొమ్మ తుంచి, ఆమె కుండీలో మట్టి నింపి గుచ్చాను. "రోజూ నీళ్లు పొయ్యాలె గదా?" అంది తోటికోడలు. "పొయ్యి అక్కా, మర్వకుంట పొయ్యి," అన్నాను.

కాలం గడిస్తే కోపాలు వాటంతటవే ఎండిపోతాయని పెద్దలంటారు. నా కోపం కలాంచో జాతిది. ఇన్నేళ్లు చుక్క నీళ్లు పోయకపోయినా, వేళకు పూసింది.