గడ్డిపాకలో దొరికిన పందెం బండి

వీధిలో ఆమెను అందరూ అమ్మో అక్క అంటారు. ఏ మాటకైనా ముందు "అమ్మో" అనకుండా ఆమె నోరు తెరవదు మరి. చినుకు పడితే అమ్మో, ఎండ కాస్తే అమ్మో, కూతురు తుమ్మితే రెండు అమ్మోలు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి గానీ, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె పని బండి సీట్లు కుట్టడం. మొగుడి మెకానిక్ షెడ్డులోనే ఓ మూల ఆమె కుట్టుమిషను. ఎక్కడైనా బండి పడిందంటే ఆ షెడ్డుకే వస్తుంది, వచ్చాక ముందు ఊడేది సీటే. రెక్సిను ఏ పక్క చిరిగిందో చూసి, మనిషి ఏ పక్కకు పడ్డాడో చెప్పేస్తుంది. కొన్ని సీట్ల స్పాంజి ఎంత కడిగినా ఎరుపు వదలదు, కోసి పారెయ్యాల్సిందే. పాతికేళ్ళుగా అలాంటివి కోస్తున్న మనిషి భయపడక ఏం చేస్తుంది, చెప్పండి!

ఆ తల్లి కడుపున పుట్టింది చిట్టి. పేరుకే చిట్టి, మనిషి పిడుగు. ఒక్కతే కూతురు. తండ్రి పక్కన స్పానరు పట్టుకుని పెరిగి, ఇప్పుడు షెడ్డులో సగం పని తనే చేస్తోంది. భయమనేది ఏ కొట్టులో అమ్ముతారో కూడా తెలియని పిల్ల.

ఒకరోజు తండ్రీకూతుళ్ళు ట్రాలీ ఆటోలోంచి ఓ తుప్పుకుప్పను దింపారు. ఊరి బయట పాడుబడ్డ గడ్డిపాకను కూల్చేస్తుంటే కుళ్ళిన గోనెసంచుల కింద బయటపడిందట. ట్యాంకు మీద పేరు లేదు. ఇంజనుకు గాలి అందించే పెట్టెలో ఎలకల గూడు.

"ఏం బండే ఇది?" అన్నాడు మెకానిక్, చుట్టూ తిరుగుతూ. "మామూలు బండికే ఎవడో హ్యాండిలు మార్చి సోకు చేసినట్టున్నాడు."

"కాదు నాన్నా. హెడ్‌లైటు బిగించే చోటే లేదు, చూడు. బ్యాటరీకి గూడూ లేదు. సైలెన్సరేమో పైకి పోయింది. ఇది మట్టిలో తోలే బండి."

చిట్టి కిరసనాయిలు బ్రష్షుతో హ్యాండిలు మెడ దగ్గర గంటసేపు రుద్దింది. ఫ్రేము మీద కొట్టిన నంబరు తేలింది గానీ సగం అంకెల్ని తుప్పు తినేసింది. ఇద్దరూ ఇద్దరే, ఎవరి పట్టు వాళ్ళది.

ఆ వాదన తెగ్గొట్టింది ఎవరనుకున్నారు? మన అమ్మో అక్కే. నోరు ఊరుకుంటేగా! సీటు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని పొరలు ఒలిచింది. రెక్సిను కింద రెక్సిను, దాని కింద ఇంకోటి. అడుగున అసలు తొడుగు కనిపించింది.

"రెండో మనిషికి చోటే లేదు. మనిషి వెనక్కి జారకుండా ఇక్కడ ఎత్తు పెట్టారు. పక్కన ఈ కన్నాలు నంబరు పలక బిగించడానికి," అంటూ వేలు పెట్టి చూపించింది. తర్వాత తను చెప్పింది తనకే అర్థమైంది. "అమ్మో! ఇది పందెం బండండీ!"

చిట్టి ఎగిరి గంతేసి తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఇక చూడాలి వాళ్ళ సంబరం. సిలిండరులో పిస్టను అతుక్కుపోతే డీజిలు పోసి రోజుల తరబడి నానబెట్టారు. కార్బురేటరును నీళ్ళలో మరిగించారు. బ్రేకులకు కొత్త పట్టీలు వేశారు. బండికి ప్రాణం వస్తున్నకొద్దీ తల్లి ప్రాణం పోతోంది. కుట్టిన సీటు బాగాలేదని విప్పి మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. ఆలస్యం చెయ్యడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ సీటొక్కటే.

"వద్దే చిట్టీ, నా మాట వినవే. అమ్మేద్దాం దాన్ని."

"ఊరికే హైరానా పడకమ్మా. నాన్న బిగించిన బండి అది."

నిజమే, మెకానిక్ బిగింపంటే బిగింపే. నట్టు బిగించి, లాగి చూసి, దాని మీద పసుపు రంగు చుక్క పెడతాడు. చుక్క పడిందంటే ఆ పని అయిపోయినట్టే, మళ్ళీ దానివైపు కన్నెత్తి చూడడు. పాతికేళ్ళలో ఒక్క చుక్కా తప్పు పడలేదని ఆయనకు మహా గర్వం. ఒకరోజు పొద్దున్నే ఆఖరి చుక్క కూడా పెట్టేశాడు.

"టిఫిను తిని ఇటుక బట్టీల వెనక మట్టిదిబ్బల దగ్గరికి పోదాం," అని తండ్రీకూతుళ్ళు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు.

షెడ్డులో ఆమె, ఆ బండి మిగిలారు. కొత్త సీటు మీద చెయ్యి వేసింది. రేపు ఈ సీటు ఏ పక్క చిరిగి వస్తుందోనన్న ఆలోచన వదలడం లేదు. ఇవాళ్టికి ఇది కదలకపోతే చాలనుకుంది. రేపటి సంగతి రేపు. కిక్కు కొట్టే కడ్డీ పక్కనే, కింద రెండు కాళ్ళూ విడదీసి వంచిన ఓ సన్నటి పిన్ను కనిపించింది. అది లేకపోతే కిక్కు పడదనుకుంది. సీట్ల గురించి అడగండి, ఎంతైనా చెబుతుంది. మిగతా బండి సంగతి ఆమెకేం తెలుసు? పట్టకారుతో పిన్ను కాళ్ళు సాపు చేసి, లాగి, కొంగున ముడి వేసుకుంది.

మూడో కిక్కుకు బండి స్టార్టయింది.

షెడ్డంతా పొగ. చిట్టి కేకలు. ఆమె కొంగు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడింది. అంటే ఆ పిన్ను ఎందుకూ పనికిరానిదే కాబోలు! చిట్టి హెల్మెటు పెట్టుకుని ముందు పోయింది. మొగుడూ పెళ్ళాలు స్కూటరు మీద వెనకాలే బయలుదేరారు.

వాళ్ళు చేరేసరికి చిట్టి దిబ్బలెక్కి దిగుతోంది. ఒకసారి దిగి ఆగింది, ఇంకోసారి దిగి ఆగింది. తల్లికి కాస్త ఊపిరి వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. చేసిన వెర్రిపని చెప్పేస్తే భారం దిగుతుందని కొంగు ముడి విప్పింది.

"ఏవండీ, కోప్పడకండి. ఇది దేనికండీ?"

మెకానిక్ ఆమె అరచేతిలోకి చూశాడు.

"ఎక్కడిదే ఇది? వెనక బ్రేకు కడ్డీ ఊడకుండా ఆపేది ఇదే! తీశావా? నువ్వు తీశావా?"

జవాబు కోసం ఆగలేదు. "చిట్టీ, ఆపు! దిగొద్దు!" అని అరుస్తూ పరుగెత్తాడు. అందరికంటే ఎత్తు దిబ్బ మీద ఉంది చిట్టి. ఇంజను మోతలో, ఆ హెల్మెటులో, తండ్రి అరుపు ఏం వినబడుతుంది? చెయ్యి ఊపుతున్నాడని తనూ చెయ్యి ఊపి, దిబ్బ దిగింది. దిబ్బ కింద మట్టి తవ్వేసిన గొయ్యి. కుదుపులకు కడ్డీ ఎప్పుడు ఊడిందో ఏమో, సగం దిగాక చిట్టి కాలు పెడలును తొక్కుతూనే ఉంది, బండి ఆగలేదు. ముందు చక్రం బ్రేకును గట్టిగా నొక్కేసింది. వదులు మట్టిలో ముందు చక్రం జారింది. మనిషీ బండీ కలిసి గోతిలోకి పోయారు.

"అమ్మో" అనడానికి కూడా ఆమెకు గొంతు రాలేదు.

గోతిలోకి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. చిట్టి బతికే ఉంది. కుడి చెయ్యి మోచేతి కింద వంకర తిరిగి వేలాడుతోంది. తండ్రి హెల్మెటు తీసి, వీపుకు తన మోకాలు ఆనించి కూర్చోబెట్టాడు.

"తొక్కితే పెడలు ఖాళీగా పోయింది నాన్నా," అంది చిట్టి, పళ్ళ బిగువున. "పిన్ను పెట్టడం మర్చిపోయావా?"

మెకానిక్ పెళ్ళాం వైపు చూడలేదు. "మర్చిపోయినట్టున్నానమ్మా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు. వినలేకపోయింది.

"మీ నాన్న మర్చిపోలేదే. నేను తీశాను. బండి కదలకూడదని తీశాను. నీకేమైనా అవుతుందని భయమేసి తీశానే, తల్లీ!"

తల్లి ఏడుస్తూ, మట్టి తుడుద్దామని చెంప దగ్గరికి చెయ్యి చాపింది. చిట్టి కాళ్ళు ముడుచుకుని, తండ్రివైపు వెనక్కి జరిగింది.

"నువ్వు ముట్టుకోకమ్మా," అంది. "నాన్న లేపుతాడు."