మంత్రి మాటలు చదివినాయన

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. నందిగామలో ఇంగ్లీషు టీచర్‌ని. క్లాసులో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, లేపి నిలబెట్టి గ్రామర్ అప్పజెప్పమనేదాన్ని.

ఎమ్మే ప్రైవేటుగా కట్టాను. పాత ఇంగ్లీషు నాటకాల పేపరు రెండుసార్లు తన్నేసింది. మూడోసారీ పోతే గడువు అయిపోతుంది, అన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ఇంగ్లీషుని కళ్ళతో చదివితే బుర్రకెక్కదు. గట్టిగా చదివితే కాస్త దారికొస్తుంది. అందుకని రాణీ మంత్రీ మాట్లాడుకునే సీనులో రాణి మాటలు పైకి చదివి ఫోన్లో రికార్డు చేశాను. మంత్రి వంతు వచ్చినప్పుడల్లా మనసులో చదువుకుంటూ ఖాళీ వదిలాను. తర్వాత వింటూ ఆ ఖాళీల్లో మంత్రి మాటలు అప్పజెప్పుకోవచ్చని.

అది ఆదివారం మధ్యాహ్నం. కరెంటు లేదు. తలుపు గడియ పెట్టి ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే.

మర్నాడు మా స్కూలు తెలుగు టీచర్ సుజాత గారూ నేనూ ట్రైనింగుకని జగ్గయ్యపేట బస్సెక్కాం. నేను ఆ రికార్డు పెట్టుకుంటే, కాలక్షేపానికి ఆవిడ కూడా ఒక ఇయర్‌ఫోన్ తీసుకుని చెవిలో పెట్టుకున్నారు.

మొదటి ఖాళీలోనే ఎవరో ముసలాయన మంత్రి మాటలు చదువుతున్నాడు. తొందర లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. ఫోను తీసి చూశాను, అది నేను చేసిన రికార్డే.

“చదివే పెద్దాయన ఎవరండీ? మీ మాస్టారా?” అన్నారు సుజాత గారు.

ఆవిడకీ వినిపిస్తోంది. ఆపేద్దామన్నా వేలు కదల్లేదు.

రాణి మాటల్లో ఒక పెద్ద వాక్యం ఉంది. రెండు నెలలుగా నాకది కొరుకుడు పడలేదు. రికార్డులో యథాప్రకారం తప్పుగా విరిచి చదివాను. ఆయన తన మాటలు మొదలుపెట్టలేదు. ఆ వాక్యం తానే మెల్లగా చదివి వినిపించాడు. ఆ భయంలోనూ దాని అర్థం నాకు ఠక్కున తెలిసిపోయింది.

ఆ వెంటనే రికార్డులో నా గొంతు, “సరేనండి” అంది. ఆయన చెప్పినట్టే మళ్ళీ చదివింది.

బస్సు దిగేలోపే ఆ రికార్డు తీసేశాను. పరీక్షలో ఆ సీనే వచ్చింది, పాసయ్యాను. సంతోషించాలి కదా, మార్కుల మెమో మాత్రం ఇప్పటికీ బీరువాలో బోర్లించే ఉంచాను.

ఆ ముసలాయన గొంతు ఫోను గోలేనని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ గదిలో నాకు ఎవరి మాటా వినబడలేదు. మరి నేను ఎవరికి జవాబిచ్చాను?