ఇద్దరు పైడితల్లులు

నా సర్వీసులో ఆఖరి శీతాకాలం అది. జనవరి రెండో వారంలో నాకు ఒక డెప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను హౌరా పక్కన లిలువాలో రైల్వే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుని. ఉద్యోగుల క్వార్టర్లు, ఫిర్యాదులు, పింఛను కాగితాలు చూడటం నా పని. వాటితోపాటు ఆటల వ్యవహారం కూడా ఎప్పుడూ నా బల్ల మీదకే వచ్చేది. ఆ ఆర్డరు ప్రకారం కలకత్తాలో జరగబోయే క్లబ్బుల ఓరియంటీరింగ్ రిలేకి నేను అర్హతల అధికారిని.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. చేతిలో మ్యాపు, దిక్సూచి పట్టుకుని, చెట్ల మధ్య గుర్తుపెట్టి ఉంచిన చోట్లను వరస తప్పకుండా వెతుక్కుంటూ పరిగెత్తడమే ఓరియంటీరింగ్. ఆ చోట్లను కంట్రోళ్ళు అంటాం. వేలికి తగిలించుకున్న చిప్పును కంట్రోల్ దగ్గరి పెట్టెలో ఆనిస్తే, వచ్చినట్టు నమోదవుతుంది. రిలేలో ఒక్కో జట్టుకు ముగ్గురు, ఒక్కొక్కరి పరుగు ఒక లెగ్. మొదటివారు తిరిగొచ్చి చెయ్యి తాకితేనే రెండోవారు కదలాలి. కాళ్ళలో బలం ఎంతున్నా మ్యాపు చదవడం రాకపోతే ఈ ఆటలో గల్లంతే.

పరుగు మొదలవక ముందే జట్ల తలరాత తేలే చోటు ఒకటుంది. అదే అర్హతల అధికారి బల్ల. ముగ్గురూ ఒకే క్లబ్బు సభ్యులై ఉండాలి. గడువు తేదీకి ముందే సభ్యత్వ రిజిస్టరులో పేరు ఎక్కి ఉండాలి. ఒక సీజనులో ఒక మనిషికి ఒకే క్లబ్బు. మారాలంటే పాత క్లబ్బు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇందులో ఏది తప్పినా జట్టును ఇంటికి పంపం. పరిగెత్తనిస్తాం, టైము కూడా రాస్తాం, కాని ర్యాంకు ఇవ్వం. దాన్నే ‘పోటీకి వెలుపల’ అంటాం. పరిగెత్తేవాళ్ళకు అంతకంటే చేదు మాట ఇంకొకటి లేదు.

నా పైన ముగ్గురు సభ్యుల జ్యూరీ ఉంటుంది. తీర్పు వాళ్ళది, సలహా మాత్రమే నాది. అయితే కాగితాలన్నీ నా దగ్గర ఉంటాయి కాబట్టి నా సలహాను జ్యూరీ కాదన్న రోజు నాకు గుర్తులేదు. ఈ పదవి తీసుకునే ముందు నా లిలువా క్లబ్బు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి, ‘పోటీలో ఉన్న ఏ క్లబ్బుతోనూ నాకు సంబంధం లేదు’ అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాను. నిబంధన అది.

ఇక ముఖలింగం సంగతి. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ నాన్న, మా నాన్న ఇద్దరూ శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ నాన్న డాకుల్లో చేరాడు, మా నాన్న రైల్వేలో చేరాడు. వయసులో ఉన్నప్పుడు ముఖలింగం, నేను ఒకే జట్టులో రిలే పరిగెత్తాం. రెండో లెగ్‌లో నేను దారి తప్పి ఇరవై నిమిషాలు పోగొట్టిన రోజు, మూడో లెగ్‌లో వాడు ఆ ఇరవై నిమిషాలూ తిరిగి తెచ్చాడు. అందరూ వాణ్ణి భుజాల మీదకు ఎత్తుకున్నారు. ఎత్తిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఫొటోలో నేను నవ్వుతూనే కనిపిస్తాను.

దాచుకోవడం ఎందుకు, ముఖలింగం అంటే నాకు కుళ్ళు. నేను కోర్సులు చేశాను, పరీక్షలు రాశాను, బ్యాడ్జీలు సంపాదించాను. వాడి దగ్గర ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. డాకు క్వార్టర్ల వాకిట్లో సుద్దముక్కతో గీతలు గీసి, ఇది గట్టు, ఇది కాలవ అంటూ పిల్లలకు మ్యాపు నేర్పేవాడు. కూతుళ్ళను బజారుకు కూడా ఒంటరిగా పంపని తల్లులు వాడి వెంట అడవుల్లోకి పంపేవారు. పిల్లలంతా వాణ్ణి ‘మావయ్యా’ అని పిలిచేవారు. నన్ను ‘సార్’ అనేవారు. వాళ్ళు అలా పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నా చేతుల మీద నడిచిన లిలువా క్లబ్బులో కొత్తగా చేరేవాళ్ళే కరువైపోతుంటే, వాడి ఖిదిర్‌పూర్ క్లబ్బులో చేరడానికి పిల్లలు వరస కట్టేవారు.

ఆ ఏడు జూనియర్ బాలికల రిలేలో మొదటి స్థానం వచ్చిన జట్టు ముగ్గురినీ రాష్ట్ర జట్టుగా జాతీయ పోటీలకు పంపాలని నిర్ణయించారు. ఖిదిర్‌పూర్ జట్టుకే గెలిచే బలం ఉందని అందరికీ తెలుసు. వాళ్ళ ఆఖరి లెగ్ పరిగెత్తేది దుంపల పైడితల్లి, డాకు కూలీ కూతురు. ఆమెకు జూనియర్లలో అదే చివరి సంవత్సరం. ఇంకో నాలుగు నెలలు దాటితే వయసు మించిపోతుంది.

పోటీ సాల్ట్‌లేక్‌లోని పెద్ద ఉద్యానవనంలో. పొద్దున ఏడున్నరకు జట్ల జాబితా బోర్డు మీద పెట్టాం. ఎనిమిది కాకుండానే లిలువా జట్టు మేనేజరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాడు. అతను బెంగాలీ, సౌమ్యుడు, కావాలని కయ్యం పెట్టే రకం కాదు. అతను చూపించింది నిజమే. సభ్యత్వ రిజిస్టరులో దుంపల పైడితల్లి అనే పేరు ఖిదిర్‌పూర్ క్లబ్బులో ఉంది, భవానీపూర్ క్లబ్బులో కూడా ఉంది. పుట్టిన సంవత్సరం ఒకటే, ఇంటి చిరునామా కూడా ఒకటే. ఒకే మనిషి రెండు క్లబ్బుల్లో ఉందన్నది అతని ఫిర్యాదు.

నేను ఆ రెండు ఎంట్రీలూ చూశాను. చూసిన మరుక్షణమే నాకు విషయం అర్థమైంది. మా ఉత్తరాంధ్ర వైపు పోయిన నాన్నమ్మ పేరు మనవరాలికి పెట్టడం ఆనవాయితీ. అన్నదమ్ములు ఇద్దరికీ ఆడపిల్లలు పుడితే ఇద్దరికీ అదే పేరు పెడతారు. ఇంట్లో పెద్ద, చిన్న అని కలిపి పిలుచుకుంటారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. క్లబ్బులో పేరు రాయించేటప్పుడు ఇద్దరూ తాతగారి క్వార్టరు చిరునామానే ఇచ్చారు. చిన్న పైడితల్లి తండ్రి భవానీపూర్‌లో ఒక దుకాణంలో పనికి కుదిరి అక్కడికి మారాడు, ఆ పిల్ల అక్కడి క్లబ్బులో చేరింది. ఇదంతా నాకు ఊహ కాదు. అంతకు ముందు ఏడాదే ముఖలింగం ఇంట్లో భోజనానికి వెళ్ళినప్పుడు ఇద్దరినీ ఒకే బంతిలో చూశాను. పెద్దది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చిన్నదానికి కళ్ళజోడు.

జ్యూరీకి పెద్ద శిప్రా దీ, అంటే శిప్రా అక్క. కాలేజీలో వ్యాయామ విద్య చెప్పి రిటైరైన మనిషి. పరుగు తొమ్మిదింటికి మొదలవుతుంది కాబట్టి ఆలోపే తేల్చాలి. ముఖలింగాన్ని జ్యూరీ టెంటులోకి పిలిపించారు. వాళ్ళు వేరు వేరు పిల్లలని వాడు బెంగాలీలో చెప్పాడు. రెండో పిల్ల క్లబ్బు కార్డు చూపించమన్నారు. ఆ పిల్ల మేనమామ పెళ్ళికి టెక్కలి వెళ్ళింది, కార్డు ఆమె దగ్గరే ఉంది. ఫోను చేస్తే ఎత్తలేదు. వాడు తన ఫోనులో ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో చూపించాడు. ఫొటో మీద పేర్లు ఉండవు కదా అన్నారు. భవానీపూర్ క్లబ్బు ఆ రోజు బాలికల జట్టును దింపలేదు. వాళ్ళ కార్యదర్శికి ఫోను చేస్తే, పైడితల్లి మా సభ్యురాలే అని ధ్రువపరిచాడు. దానితో అనుమానం ఇంకా బలపడింది.

అప్పుడు శిప్రా దీ నా వైపు తిరిగింది. బెంగాలీలు నా పేరు చివర ఉన్న రావును ఇంటిపేరు అనుకుని నన్ను రావు దా, అంటే రావన్న, అనే పిలుస్తారు. “రావు దా, మీ వాళ్ళలో ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెడతారా?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ముఖలింగం నాతో తెలుగులో అన్నాడు. “సూరిబాబూ, నువ్వైనా సెప్పరా ఆలకి. పెద్దోడి కూతురు పెద్ద పైడితల్లి, సిన్నోడి కూతురు సిన్న పైడితల్లి. ఇద్దరికీ ఆల నాన్నమ్మ పేరే ఎట్టినారు. మా ఇంటికాడ ఇద్దర్నీ నువ్వు సూసినావు గదేటి.”

ఆ టెంటులో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. వాడు ఏమన్నాడో మిగతావాళ్ళకు అర్థం కాలేదు. అవును, నేను చూశాను, వాళ్ళు ఇద్దరు అని బెంగాలీలో ఒక్క ముక్క అంటే అయిపోయేది. జ్యూరీ నా మాట కాదనేది కాదు. కాని ఆ క్షణంలో నాకు కనబడింది పైడితల్లి కాదు. బహుమతి ప్రదానం తరవాత వాడి చుట్టూ గుమిగూడబోయే పిల్లలు, వాళ్ళ తల్లులు, వాణ్ణి మళ్ళీ ఎత్తుకోబోయే చేతులు. శిప్రా దీకి బెంగాలీలో జవాబిచ్చాను. “సాధారణంగా అలా పెట్టరు. ఏదైనా నేను రికార్డు మీదే మాట్లాడాలి. రికార్డులో రెండు చోట్లా పేరు ఉంది.”

రికార్డు గురించి అన్నది నిజం. ‘సాధారణంగా’ అన్నది అబద్ధం. ఆ అబద్ధం ఎంత చిన్నదంటే, తరవాత ఎవరైనా పట్టుకున్నా నేను తప్పించుకోగలను. అది కూడా నేను లెక్క చూసుకునే అన్నాను.

ముఖలింగానికి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. నేనన్నది విన్నాడు. “అలాగేరా” అని మాత్రం అన్నాడు. జ్యూరీ తీర్పు రాసింది. ఖిదిర్‌పూర్ జట్టు పోటీకి వెలుపల.

ఆ ముగ్గురు పిల్లలూ పరిగెత్తారు. మూడో లెగ్‌లో పైడితల్లి చెట్ల మధ్యలోంచి బయటికొచ్చి ఫినిష్ గీత దాటేసరికి, లిలువా పిల్ల ఇంకా ఆఖరి మూడు కంట్రోళ్ళ దగ్గరే ఉంది. ఫలితాల పలకలో లిలువా మొదటిది. ఖిదిర్‌పూర్ పేరు అడుగున, గీత కింద, ర్యాంకు గడి ఖాళీగా. లిలువా మేనేజరు వచ్చి నాతో చెయ్యి కలిపాడు. నాకు సంతోషం కలిగింది. కలగలేదని ఇప్పుడు రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది.

చిప్పు తిరిగి ఇవ్వడానికి పైడితల్లి నా బల్ల దగ్గరకు వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. ఏడుస్తుందేమోనని నేను తల వంచుకుని కాగితాలు సర్దుతున్నాను. ఆమె ఏడవలేదు. “సార్, నాను పేరు మార్సీసుకుంటే, అప్పుడు కౌంట్ సేస్తారా?” అని అడిగింది. నిబంధన తెలుసుకోవడానికే అడిగింది, ఎత్తిపొడుపు కాదు. పేరు మార్చుకోనక్కరలేదమ్మా అన్నాను. మరైతే ఏటి సెయ్యాలి అంది. చిప్పు నంబరు రాసుకుని పంపేశాను.

పది రోజుల తరవాత, చిన్నది టెక్కలి నుంచి తిరిగొచ్చాక, ముఖలింగం ఇద్దరు పిల్లలనూ, రెండు కార్డులనూ తీసుకుని లిలువాలో నా ఆఫీసుకు వచ్చాడు. గొడవ పడలేదు. ఇద్దరినీ నా ఎదుట నిలబెట్టి, రాసుకో అన్నాడు. రాసుకున్నాను. జ్యూరీ పొరపాటు ఒప్పుకుంది. కాని ఫలితాలు అప్పటికే ఖరారయ్యాయి, అప్పీలు గడువు దాటింది, లిలువా జట్టు జాతీయ పోటీలకు బయలుదేరింది. దాన్ని మార్చే నిబంధన లేదు. నేను నా నివేదికలో, సభ్యత్వ రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లకు కూడా ఒక గడి ఉండాలని సూచించాను. సూచన నచ్చింది. సర్క్యులర్ వచ్చింది. అందులో నా పేరు వేసి అభినందించారు.

నా రిటైర్మెంట్ సభలో ఆ సర్క్యులర్‌ని చదివి వినిపించారు. ముఖలింగం కూడా వచ్చాడు. మాట్లాడమంటే లేచి, “మా సూరిబాబు రూలు మనిషి. రూలంటే అన్నదమ్ములనైనా సూడడు” అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. టెంటులో ఏం జరిగిందో ఆ హాలులో తెలిసింది వాడికీ నాకూ మాత్రమే. వాడు ఒక్క మాటతో నా పరువు తీసేయగలడు, తియ్యలేదు. వాడి స్థానంలో ఉంటే నేను తప్పకుండా తీసేవాణ్ణి. ఆ రోజు కుర్చీలో దండ వేసుకుని కూర్చుని, వాడి మంచితనానికి కూడా నేను కుళ్ళుకున్నాను.

పెద్ద పైడితల్లి సీనియర్లలో ఒక ఏడాది పరిగెత్తి మానేసింది. రాష్ట్ర జట్టు చొక్కా ఆమె ఎప్పుడూ వేసుకోలేదు.

ఈ ఉదంతం తరవాత నాకు తెలిసింది ఇది. నిబంధనల్లో లోపం ఉంటే సర్క్యులర్ వేసి సరిచేయవచ్చు. ఆ రోజు లోపం నిబంధనలో లేదు. క్లబ్బులతో సంబంధం లేదని నేను పెట్టిన సంతకం అక్షరాలా నిజం. క్లబ్బుకు రాజీనామా ఇచ్చాను కాని కుళ్ళుకు ఇవ్వలేదు, ఆ డిక్లరేషన్ దాని గురించి అడగలేదు కూడా. కొత్తగా ఈ పనికి వచ్చే అధికారులు సలహా అడిగితే ఒకటే చెబుతాను. ఎవరు గెలిస్తే మీకు ఆ పూట అన్నం సయించదో, వాళ్ళ ఫైలు మీరు ముట్టుకోకండి, పక్క అధికారికి ఇచ్చి బయటికి నడవండి.