మన్నూబియా ఛాతీ జబ్బు

తబర్కా రేవులో నిలబడి చూస్తే కమ్మూన్ దీవి నీళ్లమీద జారిపడిన జీలకర్ర గింజలా ఉంటుంది. కమ్మూన్ అంటే అక్కడివాళ్ల భాషలో జీలకర్రే, ఆ పేరు కూడా అందుకే పెట్టారు. ఆ గింజ మీద ఒక లైట్‌హౌస్. అందులో దీపం కాపరి ఖమైస్, అతని భార్య మన్నూబియా, కూతురు దలెండా. దీవి జనాభా అంతే. రెండు మేకలుండేవి గానీ ఒకదాన్ని గాలివాన సముద్రంలోకి తోసేసింది.

కొత్తగా కాపురానికి తీసుకొచ్చేటప్పుడు పడవలోనే ఖమైస్ చెప్పాడు. "ఒకటి రెండేళ్లు ఓర్చుకో. రేవు దీపానికి బదిలీ అడిగాను. అక్కడ ఇల్లిస్తారు, పెరడుంటుంది. మీ అమ్మ పిలిస్తే వినబడేంత దూరం." మన్నూబియా నమ్మింది. ఆ మాట మీదే ఆ ఇంట్లో అడుగుపెట్టింది.

ఇల్లంటే అది ఇల్లు కాదు, నిలబెట్టిన గొట్టం. అడుగున వాననీటి తొట్టి, దానిమీద కిరసనాయిలు పీపాలు, ఆ పైన వంటగది, దానిపైన పడకగది, అన్నిటికీ పైన దీపం. గదులన్నీ గుండ్రం. పుట్టింటివాళ్లిచ్చిన చెక్క బీరువా ఏ గోడకీ ఆనలేదు. వెనక మిగిలిన సందులో ఎలుక కాపురం పెట్టింది. ఆ గదుల నడుమ నుంచి ఒక లావుపాటి ఇనపగొట్టం పైనుంచి కిందిదాకా దిగుతుంది. దీపం చుట్టూ ఉన్న అద్దాల పంజరాన్ని తిప్పే యంత్రపు బరువు అందులో వేలాడుతూ రాత్రంతా మెల్లగా కిందికి జారుతుంటుంది. అడుగుకి చేరేలోపు మళ్లీ పైకి చుట్టాలి. మొదట్లో ఆ గరగరకి మన్నూబియాకి కంటిమీద కునుకుండేది కాదు. తర్వాత్తర్వాత ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. ఆగిందంటే పైన ఖమైస్ నిద్రపోయాడన్నమాట. అప్పుడు తనే మెట్లెక్కి మర తిప్పేది. చలికాలం వచ్చేసరికి సగం కాపలా ఆమెదే అయిపోయింది. జీతం మాత్రం ఒక్క మనిషికే.

పొద్దున రొట్టె కాలిస్తే కిరసనాయిలు వాసన. తుపాను వస్తే కప్పు మీద పడ్డ అలల జల్లు తొట్టిలోకి దిగి, వారాల తరబడి టీ ఉప్పగానే ఉండేది. అగ్గిపెట్టెలు పొయ్యి పక్కన పెడితే తప్ప వెలిగేవి కావు. ఉతికిన బట్ట పూర్తిగా ఆరిన రోజు పండగ. అందులో ముచ్చట్లు కూడా లేకపోలేదు. చలి మొదలయ్యే ముందు వలస పిట్టలు వెలుగుకి వచ్చి అద్దాలకి కొట్టుకుని చచ్చిపడేవి. తెల్లారి ఒళ్లో ఏరుకొచ్చి కుస్కుస్ గోధుమరవ్వలో వండితే, "రాజుగారింట్లో కూడా ఇలాంటి భోజనం ఉండదు" అనేవాడు ఖమైస్. పగలంతా అతను పడుకునేవాడు కాబట్టి ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. దలెండా గుసగుసలాడటం ముందు నేర్చుకుంది, మాట్లాడటం తర్వాత.

సముద్రం ఒప్పుకుంటే పదిహేను రోజులకోసారి సాసీ బాబాయ్ పడవ సరుకులు తెచ్చేది. పడవ వచ్చిన ప్రతిసారీ మన్నూబియా అడిగేది.

"బదిలీ సంగతి ఏమన్నారు?"

"ఖాళీ లేదన్నారు" అనేవాడు ఖమైస్, టీ ఊదుకుంటూ.

ఒక చలికాలం మన్నూబియా తల్లి పోయింది. కబురు వచ్చినా సముద్రం దిగనివ్వలేదు. పడవ దొరికేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. తబర్కాలో అక్క జుబైదా ఏడ్చింది గానీ కావలించుకోలేదు. టీ వేరే గ్లాసులో ఇచ్చింది. పక్కింటి ఆడవాళ్లు తలుపు దగ్గరే నిలబడి పలకరించి, పిల్లల్ని చెయ్యి పట్టుకు లాక్కుపోయారు. తన ఒంటికి కిరసనాయిలు కంపు పట్టిందేమోననుకుంది మన్నూబియా. ఆ సాయంత్రం చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకుంది.

దలెండాకి బడి వయసొచ్చిన ఏడు, దీపాల ఆఫీసు నుంచి తనిఖీకి అమ్మార్ గారు వచ్చారు. పైన ఖమైస్ యంత్రం విప్పి నూనె పెడుతున్నాడు. చూడాల్సింది చూసి ఆయన భోజనానికి కిందికి దిగారు. మన్నూబియా వడ్డించి, కాస్త ధైర్యం తెచ్చుకుని నోరు విప్పింది.

"అయ్యా, పిల్ల బడికి పోవాలి. రేవులో ఖాళీ ఇంకా రాలేదా?"

ఆయన నోటిదాకా వెళ్లిన చెంచా ఆగింది. "ఏం ఖాళీ అమ్మా? మేం రెండుసార్లు రమ్మంటే వద్దన్నది మీ ఆయనేగా?"

"వద్దన్నాడా?"

"నీ కోసమేలే. భార్యకి ఛాతీ జబ్బు, ఊరి గాలి తగిలితే రక్తం కక్కుకుంటుంది, దీవి దాటించొద్దని డాక్టరు చెప్పాడని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆఫీసంతా అయ్యో పాపం అన్నాం. ఇప్పుడెలా ఉందమ్మా?" అంటూ తను కూర్చున్న పీటని కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"బాగానే ఉంది. ఇంకొంచెం వేసుకోండి" అంది మన్నూబియా. చేపముక్క వేసింది. ఆ పీట జరగడం చూశాకే ఆమెకి అక్క ఇచ్చిన వేరే గ్లాసు గుర్తొచ్చింది. అమ్మ బతికుండగా ఒక్కసారైనా "వచ్చెయ్యవే తల్లీ" అని ఎందుకు కబురు పెట్టలేదో అర్థమైంది. బిడ్డ ఊరొస్తే చచ్చిపోతుందని ఆ ముసలిది నమ్మింది. అదే నమ్మకంతో పోయింది.

మెట్లెక్కి పైకి వెళ్లింది. ఎండ అద్దాల్లో పడి నిప్పంటుకోకుండా చుట్టూ తెరలు దించి ఉన్నాయి. ఖమైస్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"రెండుసార్లు రమ్మన్నారట."

అతను అబద్ధమాడలేదు. అది ఇంకా మండించింది ఆమెను.

"అక్కడ నా పైన ముగ్గురుంటారు మన్నూబియా. ఈ గుడ్డ ఇటు పెట్టు, ఆ సీసా అటు పెట్టు అంటారు. ఇక్కడ నాకు చెప్పేవాడు లేడు. నువ్వూ అలవాటు పడతావనుకున్నాను. పడ్డావు కూడా."

"నీకు వెళ్లడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా?"

"చెబితే ఉండేదానివా?"

"అందుకని నా ఛాతీని మధ్యలోకి లాగావా? నీకు లేదా ఛాతీ? నీకే జబ్బని చెప్పుకోలేకపోయావా?"

"నాకు జబ్బంటే ఉద్యోగం పీకేస్తారుగా" అన్నాడు ఖమైస్, చాలా మామూలుగా.

ఆ ఒక్క మాటతో ఆమెకి ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. కిందికి దిగి రెండు జతల బట్టలు మూటకట్టింది. దలెండా నాన్న కోసం ఏడుస్తుంటే చంకనేసుకుని, అమ్మార్ గారు వచ్చిన పడవలోనే ఎక్కింది. పడవ సాసీ బాబాయ్‌దే.

"గాలి పడదేమో బిడ్డా, మూతికి గుడ్డ కట్టుకో" అన్నాడు ముసలాయన జాలిగా.

"నీకూ చెప్పాడా బాబాయ్?"

"ఊరందరికీ చెప్పాడమ్మా."

జుబైదా తలుపు తీసి, లోపలికి రమ్మనడానికి తటపటాయించింది. మన్నూబియా సంజాయిషీ చెప్పలేదు. మర్నాడు ఊరి ఆవిరి స్నానశాలకి, ఆడవాళ్లతో హమామ్ నిండే వేళకి వెళ్లి, వేడిరాతి అరుగు మధ్యలో కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు జరగబోయారు.

"ఎక్కడికి పోతారు? రండి! చెవి పెట్టి వినండి! దీవిలో సగం రాత్రులు ఆ మెట్లెక్కి దీపాన్ని నడిపిన ఛాతీ ఇది. జబ్బుంటే పిల్లికూతలు వినబడాలిగా ఇందులో?"

ఎవరూ కదల్లేదు. చివరికి లావుపాటి మంత్రసాని జోహ్రా వచ్చి, నిజంగానే చెవి ఆనించింది. ఆవిరిలో అందరూ ఊపిరి బిగబట్టారు.

"దీని గుండె నా గాడిద గుండెలా కొట్టుకుంటోంది" అంది జోహ్రా. "జబ్బు దీని మొగుడి నాలిక్కి!"

నవ్వులతో కప్పు దద్దరిల్లింది. మన్నూబియా కూడా నవ్వింది, తర్వాత ఏడ్చింది. జుబైదా వచ్చి తల రుద్ది నీళ్లు పోసింది.

దలెండాని బడిలో వేసి, సీసా బిరడాలు కోసే కార్ఖానాలో పనికి కుదిరింది. వసంతంలో ఖమైస్ సెలవు మీద వచ్చాడు. ఎండబెట్టిన ఆక్టోపస్ ఒక బుట్టనిండా తెచ్చి వసారాలో తల వంచుకు కూర్చున్నాడు. బక్కచిక్కాడు. రొట్టె చేసుకోవడం రాదు కదా.

"బదిలీ అడిగాను మన్నూబియా. ఒట్టు. ఖాళీ లేదన్నారు."

ఆమె గుండె ఒక్కసారి మెత్తబడింది. అయినా ఇప్పుడామె ఊళ్లో ఉంది. దీపాల ఆఫీసు రెండు వీధుల అవతలే. శాలువా కప్పుకుని వెళ్లి కనుక్కుని వచ్చింది. రేవు దీపం దగ్గర చోటు నెలరోజులుగా ఖాళీగా ఉంది. ఖమైస్ ఈ మధ్య ఆ గుమ్మం తొక్కనే లేదు.

తిరిగొచ్చి అన్నం పెట్టింది. కూతురు నాన్న ఒళ్లో కూర్చుని అక్షరాలు చదివి వినిపించింది. అతను తిని చెయ్యి కడుక్కున్నాక అంది.

"పడవ వేళయింది. వెళ్లు."

"మళ్లీ నెలకి వస్తాను."

"పిల్లని చూడటానికి రా."

అతనికి అర్థమైందో లేదో మరి. ఖాళీ బుట్ట పట్టుకుని రేవు వైపు నడిచాడు. కొన్నేళ్లకి ఆ దీపం మనిషి అవసరం లేకుండా వెలిగేలా మార్చాక, ఖమైస్ ఊళ్లోకి వచ్చి చేపల బజారు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. దలెండా శుక్రవారాలు కుస్కుస్ గిన్నె తీసుకెళ్లేది. వండేది మన్నూబియానే. ఒక్కసారి కూడా తను వెళ్లలేదు, ఎలా ఉన్నాడని అడగనూ లేదు.