రోడ్డు ఇవతలి బొమ్మ

నగరపాలక సంస్థ ఆఫీసు వెనక గదిలో, రోడ్లకు అట్ట నమూనాలు చేసే మేస్త్రీ ఉంటాడు. కొత్త ఇంజనీరు వచ్చినప్పుడల్లా ఊరి పెద్ద రోడ్డు అతని బల్లమీద మళ్లీ పుడుతుంది: వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, రెండు వరసల చెట్లు, సాఫీగా సాగే కార్లు. స్పాంజి చెట్లను పాత నమూనాలోంచి పట్టకారుతో పీకి, దుమ్ము ఊది, కొత్తదాంట్లో నాటుతాడు. బయట అసలు రోడ్డు మీద మాత్రం ఒక్క చెట్టూ మొలవలేదు. ప్రతి నమూనాలోనూ జీబ్రా గీతల ఇవతలి కొసన, అగ్గిపుల్ల ముక్కతో చేసిన పసుపు బొమ్మ ఒకటి నిలబెడతాడు. అది అతని భార్య. మోకాళ్లు అరిగిపోయిన ఆమెకు ఆ రోడ్డు దాటడం గగనమైపోయింది. అవతలి మేడమీద ఉండే అక్కకు ఇటునుంచే చెయ్యి ఊపుతుంది.

ఈసారి ఇంజనీరు బల్ల చుట్టూ తిరిగి, "ఈ జీబ్రా తీసేయండి మేస్త్రీ. బళ్లు ఎక్కడా ఆగకూడదు," అన్నాడు. "అలాగే సార్," అని మేస్త్రీ బ్లేడుతో గీతలు గీకేశాడు. పసుపు బొమ్మను ఎక్కడ పెట్టాలో పాలుపోక, కాసేపు వేళ్ల మధ్య తిప్పి, జేబులో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య ఎప్పట్లాగే నవ్వుతూ అడిగింది: "ఏమయ్యా, ఈసారన్నా నన్ను దాటించావా?"

"కాస్త రద్దీ తగ్గనీవే," అన్నాడతను, జేబు మీంచి చెయ్యి తియ్యకుండా.