శనివారం సభ, గురువారం వార్త

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాత ఫొటో పెట్టారు. మైకు ముందు మా బావ, అంటే మా అక్క మొగుడు, మెడకి మఫ్లరు చుట్టుకుని, చేతిలో కాగితంతో, దేశమంతా తనమీదే నడుస్తున్నట్టు కూర్చునున్నాడు. కింద అందరూ దణ్ణాలు పెట్టారు. నేను పెట్టలేదు.

ఎనభైల మధ్యలో రేడియోలో వారానికోసారి మా జిల్లా కబుర్లు చదివే పని బావకి దొరికింది. రాసేదీ తనే, చదివేదీ తనే. ఆ రోజు నుంచి రేపల్లెలో వాళ్ళింట్లో మామూలు మాటన్నది పోయింది. "పప్పులో ఉప్పు తగ్గినట్టు తెలియవచ్చింది" అనేవాడు. "రేపు సరిచేస్తామని అధికారులు హామీ ఇచ్చారు, ముందు తినండి" అనేది అక్క. మే నెల ఎండలో కూడా గొంతుకి గాలి తగులుతుందని ఆ మఫ్లరు తీసేవాడు కాదు. తెనాలిలో మా బట్టల కొట్టుకొస్తే నాన్న లేచి తన కుర్చీ ఇచ్చేవాడు. బావ దాన్ని నాచేత దులిపించి మరీ కూర్చునేవాడు.

ఇంతా చేసి, అన్నేళ్ళలో వార్త కోసం గుమ్మం దాటింది లేదు. కార్యక్రమం ఆదివారం పొద్దున, రికార్డింగు గురువారం. మరి శనివారం జరిగే సభల సంగతేంటంటే, ఆహ్వాన పత్రిక ఉందిగా! అధ్యక్షుడెవరో, ముఖ్య అతిథి ఎవరో అందులోనే ఉంటుంది. పొన్నూరులో ఇంకా పందిరి కూడా వెయ్యని సభకి కరతాళధ్వనులు గురువారమే మోగిపోయేవి.

ఇదంతా తెలిసే నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. తెనాలిలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు రిటైరై బాపట్లలో ఉంటున్నారు. పాత విద్యార్థులం కలిసి అక్కడే ఒక శనివారం పొద్దున సన్మానం పెట్టాం. ఆయనకి పిల్లల్లేరు. మేమొస్తున్నామని వారం ముందే పంచె ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారని ఆయన భార్య ఉత్తరం రాసింది. ఆ సన్మానం సంగతి రేడియోలో రావాలని ఒక షర్టు గుడ్డ పట్టుకుని రేపల్లె వెళ్ళాను. బావ గుడ్డని వెలుగుకి పెట్టి చూసుకుని, "పలువురు విద్యార్థులు" అని రాశాడు.

"పలువురేంటి బావా, మంచి మిల్లు గుడ్డ ఇది. వందలాది అని రాయి."

"వందలాదికి ప్యాంటు గుడ్డ కూడా కావాలి, బామ్మర్దీ."

నేను కొట్లో పుట్టినవాణ్ణి. ప్యాంటు గుడ్డ ఇవ్వకుండానే "వందలాది"తో పాటు "క్రిక్కిరిసిన హాలు" కూడా రాయించుకుని, ఏదో గెలిచినట్టు బస్సెక్కాను.

శుక్రవారం సరుకు కోసం చీరాల వెళ్ళి, అటునుంచి అటే బాపట్ల చేరాను. తెల్లారేసరికి కుండపోత. పట్టాల మీదకి నీళ్ళొచ్చి తెనాలి నుంచి మావాళ్ళు రావాల్సిన రైలు రాలేదు. హాల్లో మాస్టారు, ఆయన భార్య, నేను, వాచ్‌మన్. దండ నేను వేశాను, చప్పట్లు వాచ్‌మన్ కొట్టాడు. మాస్టారు ఖాళీ కుర్చీల వంక చూసి, "ఈ వానలో రాకపోవడమే మంచిదిలే బాబూ" అన్నారు.

మర్నాడు రేడియో వీధంతా వింటుంది. ఆ వార్త వింటే ఆయన ఇంకెంత చిన్నబోతారోనని, వాన తెరిపివ్వగానే బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి రేపల్లెలో దిగాను.

"టేపు వెళ్ళిపోయిందిరా" అన్నాడు బావ.

"ఎదురింట్లో ఫోనుంది కదండీ, ఆపమని చెప్పండి" అంది అక్క.

"చెప్తే నేను వెళ్ళకుండానే రాశానని తెలిసిపోదూ? అయినా రేడియోలో వచ్చాక జనం రాలేదనేవాడెవడే?"

ఆదివారం మొదటి బస్సుకి మళ్ళీ బాపట్ల. మాస్టారి గేటు తీసేసరికే లోపల బావ గొంతు గంభీరంగా, "వందలాది విద్యార్థులతో క్రిక్కిరిసిన హాలులో" అంటోంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటండీ మాస్టారూ, వందలమంది వచ్చారంట! మాకు మాటమాత్రం చెప్పలేదే!"

లెక్క తప్పితే అర మార్కు కూడా వెయ్యని మనిషి. నా వంక ఒక్కసారి చూశారు.

"వచ్చారమ్మా" అన్నారు. "నిలబడ్డానికి చోటు లేదు."

తొంభైల చివర్లో ఆ కార్యక్రమం ఎత్తేశారు. బావకి ఒక బిరుదిచ్చి శాలువా కప్పారు. నేను వెళ్ళలేదు. మాస్టారూ పోయారు. ఆయన చేత అబద్ధం ఆడించింది బావ గొంతే అనుకుని చాలాకాలం బావని తిట్టుకున్నాను గానీ, ఆ మాటలు బేరమాడి రాయించుకున్నది నేనే. ఇప్పుడు మా పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా ఆ సన్మానం ఎంత ఘనంగా జరిగిందో, తామెక్కడ నిలబడ్డారో చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్ళు గడిచాక, ఆ పొద్దున రైలు రాలేదని గుర్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.