మండే దీపంలో స్పిరిట్

ఎక్కడైనా అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే చాలు, నాకు మా తోడికోడలి అరుపు వినిపిస్తుంది. ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. మోస్తున్నానని మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది మైదుకూరు వైపు. బట్టల అంగడి. మా మరిది భార్యను సరళ అందాం, అసలు పేరు కాదు. కర్నూలు దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల. నన్ను అక్కా అని పిలిచేది. అక్కలాగానే నమ్మేది.

కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో ఫోన్లో ఒక వీడియో చూశాను. బల్ల మధ్యలో చిన్న గిన్నె, కింద స్పిరిట్ దీపం, గిన్నెలో కరిగే చీజ్. చుట్టూ కూర్చున్నవాళ్లు పొడవాటి ఫోర్కులకు బ్రెడ్ ముక్కలు గుచ్చి అందులో ముంచుకుని తింటున్నారు. ఫాండ్యూ అంటారట. మా పెళ్లిరోజుకు చుట్టాలను పిలిచి అదే పెట్టాలనుకున్నాను. మా వాళ్లలో ఎవరూ చేయనిది నేను చేయాలి, అంతే. గిన్నె ఆన్‌లైన్‌లో తెప్పించాను. చీజ్ కోసం సరళా నేనూ కడపకు పోయి వచ్చాం. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, అత్తమ్మకు చీజ్ నచ్చకపోతే ఏం పెట్టాలి, ఇంట్లో ఎప్పుడు చూసినా అదే మాట. డబ్బాలో వచ్చిన కాగితం కూడా చదివాను. దీపం ఆరి, చల్లబడ్డాకే స్పిరిట్ పోయాలని అందులో ఉంది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పెళ్లిరోజు సాయంత్రం అత్తమ్మ బల్ల చూసి, "ఇదేం తిండే తల్లీ! చలిమంట కాడ కూచున్నట్ల ఉండాది" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి చీజ్ గట్టిపడసాగింది. దీపం ఆరిందనుకున్నాను. ట్యూబ్‌లైటు వెలుగులో స్పిరిట్ మంట సరిగ్గా కనపడదు. వంగి చూడొచ్చు కదా? చెయ్యి దగ్గర పెట్టి చూడొచ్చు కదా? అందరి ముందూ నా వంట చెడిపోతోందన్న కంగారులో స్పిరిట్ సీసా ఎత్తి దీపంలో పోశాను. భగ్గుమంది. ఎదురుగా వంగి ప్లేట్లు సర్దుతున్న సరళ మీదికి మంట పోయింది. మా మరిది దుప్పటి తెచ్చి చుట్టేలోపే మెడ, కుడి చెయ్యి కాలాయి.

ఆ గందరగోళంలో సీసా ఎప్పుడు వదిలేశానో, బల్ల కిందికి ఎలా పోయిందో తెలియదు. "సరళ కొంగు తగిలి దీపం పడినట్లుండాది" అని ఎవరో అన్నారు. నేను నోరు విప్పలేదు.

ఆసుపత్రిలో ఆమె దగ్గర నేనొక్కదాన్నే ఉన్నప్పుడు సరళ కళ్లు తెరిచింది.

"అక్కా, నాకేం గుర్తు లేదు. నా కొంగే కదా పోయి తగిలింది?"

కాదు అంటే చాలు.

"ఔ సరళా, నీ కొంగే" అన్నాను.

"మిమ్మల్నందర్నీ శానా భయపెట్టినా కదక్కా" అంది ఆమె.

గాయాలు మానాయి. మెడ మీద చర్మం ముడతపడి అలాగే ఉండిపోయింది. చుట్టాల్లో చూసుకోకుండా తిరిగే పిల్లన్న పేరు మిగిలింది. ఎవరైనా అడిగితే తనే నవ్వుతూ తన తప్పేనని చెబుతుంది. పక్కనే నేనుంటాను. చెబుతూ చెబుతూ ఆగితే, గుర్తొచ్చిందేమోనని ఆమె ముఖంలోకే చూస్తాను. ఒక్కోసారి ఇంకా భయంకరమైన ఆలోచన వస్తుంది. ఆమెకు మొదటి నుంచీ అంతా గుర్తుందేమో? నేనేమంటానో చూద్దామనే ఆ రోజు అడిగిందేమో?

మొన్న వాళ్ల కూతురు స్టవ్ వెలిగించబోతే సరళ అరిచింది: "ముట్టొద్దే! నా మాదిరి అయితావు." నేను వంటింట్లోంచి బయటికి వచ్చేశాను.

ఆమెకింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో లేదో. మీకు మాత్రం చెబుతున్నాను. కొంగు తగల్లేదు. దీపం పడలేదు. స్పిరిట్ పోసింది నేను. ఇన్నేళ్లకు ఆ మాట నా నోటి నుంచి బయటికొచ్చింది.